పదకొండేళ్ల ఆలస్యం

మా నాన్నగారు నౌకాదళంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యారు. డిసెంబరు 4న విశాఖ బీచ్‌లో జరిగే విన్యాసాలకు మమ్మల్ని తీసుకువెళ్లినప్పుడల్లా ఆయన ఒక ప్రశ్న అడిగేవారు: మన నేవీకి మొట్టమొదటి భారతీయ అధిపతి ఎవరు, ఆయన ఏ సంవత్సరంలో ఆ పదవిలోకి వచ్చాడు? పేరు ఎవరికీ తెలిసేది కాదు. సంవత్సరం అడిగితే అందరం ఒక్క గొంతుతో 1947 అనేవాళ్లం. రామదాస్ కటారి అనే అధికారి 1958 ఏప్రిల్ 22న ఆ బాధ్యత తీసుకున్నాడని, అంతవరకు స్వతంత్ర భారతదేశపు నౌకాదళాన్ని బ్రిటిష్ అడ్మిరల్సే నడిపారని ఆయన చెప్పినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ గుర్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండేళ్ల వరకు మన యుద్ధనౌకలను నడిపించడానికి మనవాడు ఒక్కడూ దొరకలేదా అని అడిగితే ఆయన సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్నకు నా అంతట నేను సమాధానం వెతుక్కోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కోపం న్యాయమైనదేనని, కాకపోతే దాన్ని నేను తప్పు సంవత్సరం మీద చూపించానని ఇప్పుడు అనుకుంటున్నాను.

సైన్యానికి 1949 జనవరి 15న కరియప్ప, వైమానిక దళానికి 1954 ఏప్రిల్ 1న సుబ్రతో ముఖర్జీ తొలి భారతీయ అధిపతులయ్యారు. నౌకాదళం అన్నిటికన్నా చివర మిగిలిపోయింది. 1947 తర్వాత హాల్, ప్యారీ, పిజీ, కార్లిల్ అనే నలుగురు బ్రిటిష్ అధికారులు వరుసగా దాని పగ్గాలు పట్టారు. వీరిలో ప్యారీ 1939లో దక్షిణ అమెరికా తీరాన జర్మన్లతో జరిగిన రివర్ ప్లేట్ యుద్ధంలో అకిలీస్ అనే క్రూయిజరుకు, అంటే పెద్ద యుద్ధనౌకకు, కెప్టెనుగా పోరాడినవాడు. 1948లో మనం కొని ‘ఢిల్లీ’ అని పేరు పెట్టుకున్న మన మొదటి క్రూయిజరు కూడా ఆ అకిలీసే. అంటే మనకు ఓడతోపాటు ఆ ఓడను యుద్ధంలో నడిపిన మనిషి కూడా అరువుగా వచ్చాడన్నమాట. ఇది అవమానంగా తోచడం సహజం. అయితే ఆ ముగ్గురు తొలి అధిపతుల సర్వీసును పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి కనబడుతుంది. కరియప్ప 1919లో కమిషన్, అంటే అధికారిగా నియామకం, పొందాడు కనుక పదవిలోకి వచ్చేనాటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. సుబ్రతో ముఖర్జీ 1932లో వైమానిక దళం పుట్టినప్పటి నుంచి అందులో ఉన్నాడు కనుక ఆయనది ఇరవై రెండేళ్ల లెక్క. కటారి రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, 1939లో, నౌకాదళ రిజర్వులో చేరినవాడు. ఆయన సర్వీసు సుమారు పంతొమ్మిదేళ్లు. ముగ్గురిలోనూ అతి తక్కువ కాలంలో శిఖరానికి చేరినవాడు ఆయనే. నౌకాదళం మిగతా దళాలకన్నా ఎక్కువ కాలం ఎదురుచూడలేదు, దానికి గడియారం మొదలవడమే ఆలస్యమైంది.

గడియారం ఎందుకింత ముఖ్యమో చెప్పాలంటే నౌకాదళాధికారి ఎలా తయారవుతాడో కొంచెం వివరంగా చెప్పాలి. అకాడమీ నుంచి వచ్చిన సబ్ లెఫ్టినెంటుకు ఓడను అప్పగించరు. ఓడను నడిపే వేదిక అయిన బ్రిడ్జి మీద సీనియర్ల వెనక నిలబడి, రాత్రింబవళ్లు వంతులవారీగా వాచ్‌లు కాసి, దీపాలను బట్టి ఎదుటి ఓడ ఎటు పోతున్నదో పోల్చుకోవడం, గాలినీ ప్రవాహాన్నీ లెక్కలో కలుపుకోవడం వంటబట్టిన తర్వాతే అతనికి వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్ వస్తుంది. కెప్టెన్ నిద్రపోతున్నప్పుడు ఈ మనిషిని నమ్మి ఓడను వదిలిపెట్టవచ్చు అనే ధ్రువీకరణ అది. ఆ తర్వాత గన్నరీ (ఫిరంగుల విద్య), నావిగేషన్, జలాంతర్గామి నిరోధం వంటి ఏదో ఒక విద్యలో ప్రత్యేక శిక్షణ, మళ్లీ ఓడలు, ఆ పైన చిన్న ఓడకు కమాండు, ఒడ్డున స్టాఫ్ ఉద్యోగం, పెద్ద ఓడకు కమాండు, ఇలా సాగుతుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం కమాండర్ హోదా వరకు సర్వీసు కాలాన్ని బట్టి వస్తుంది, కెప్టెన్ హోదా నుంచి ఎంపిక మొదలవుతుంది. అక్కడి నుంచి కమోడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్ అంటూ ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు. కెప్టెన్ యాభై ఆరేళ్లకు, రియర్ అడ్మిరల్ యాభై ఎనిమిదికి, వైస్ అడ్మిరల్ అరవైకి రిటైరవ్వాలి. ఈ మెట్లలో దేన్నీ దాటవేయడానికి వీలులేదు, ఎందుకంటే పై మెట్టు మీద తీసుకునే నిర్ణయానికి కింది మెట్టు మీద పడిన భయమే ఆధారం.

భయం అనే మాట నాన్నగారిది. సిగ్నల్స్ మనిషి కావడంతో ఆయన చోటు ఎప్పుడూ బ్రిడ్జి మీదే, కెప్టెన్‌కు నాలుగడుగుల దూరంలో. విశాఖ రేవులోకి వచ్చే కాలువ ఇరుకైనది. ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ లేస్తుంది, బయట సముద్రం నుంచి వచ్చే గాలి ఓడ వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది, వేగం తగ్గిస్తే చుక్కాని మాట వినదు, పెంచితే ఆపడానికి లోపల చోటు లేదు. అలాంటప్పుడు కొందరు కెప్టెన్లు వరసగా ఆజ్ఞలు ఇచ్చేవారని, కొందరు రెండే మాటలు చెప్పి ఊరుకునేవారని, ఆ రెండో రకం మనుషుల వెనక ఎన్నేళ్ల సముద్రం ఉందో వెతికితే ఎప్పుడూ ఎక్కువే ఉండేదని ఆయన చెప్పేవారు. ఆయన తన సర్వీసులో ఏ కెప్టెన్‌నూ హోదాను బట్టి గౌరవించలేదు, లోపల మాత్రం సముద్రం మీద గడిపిన ఏళ్లను బట్టి లెక్క కట్టుకున్నారు. పత్రికల్లో ఎవరైనా అడ్మిరల్ నియామకం గురించి వచ్చినప్పుడు పతకాల పేర్లు దాటేసి, ఆయన ఏయే ఓడలకు కమాండ్ చేశాడో మాత్రం పెన్సిలుతో గీత గీసేవారు. ఆ అలవాటు నాకూ అబ్బింది.

ఇప్పుడు కటారి విషయానికి వస్తాను. ఆయన 1911లో చెంగల్పట్టులో పుట్టాడు. సముద్రంలోకి పోవాలనుకున్న భారతీయ బాలుడికి ఆ రోజుల్లో యుద్ధనౌకాదళం అనే తలుపు దాదాపు లేదనే చెప్పాలి. రాయల్ ఇండియన్ మెరైన్ అని పిలిచే ఆ దళంలో 1928లో డి.ఎన్. ముఖర్జీ అనే ఇంజినీరు కమిషన్ పొందే వరకు ఒక్క భారతీయ అధికారి కూడా లేడు. 1927లో బొంబాయిలో వర్తక నౌకల అధికారులను తయారుచేయడానికి ‘డఫరిన్’ అనే శిక్షణ నౌకను ప్రారంభించినప్పుడు, దాని మొట్టమొదటి బ్యాచ్‌లో కటారి చేరాడు. పదహారేళ్ల కుర్రవాడు తెరిచి ఉన్న తలుపులోంచే లోపలికి వెళ్లాడు. శిక్షణ పూర్తయిన తర్వాత ఆయనకు దొరికినది కలకత్తా పోర్టు కమిషనర్ల కింద హుగ్లీ నదీ సర్వేలో ఉద్యోగం.

ఈ హుగ్లీ ఏళ్లను ఆయన జీవితంలో వృథా అయిన కాలంగా చాలామంది తేలిగ్గా దాటేస్తారు. నేను అలా అనుకోను. హుగ్లీ ప్రపంచంలోని కష్టమైన ఓడ దారుల్లో ఒకటి. గంగ మోసుకొచ్చే ఒండ్రు ఏటికేడు ఇసుక మేటలుగా మారి స్థలం మార్చుకుంటుంది. కిందటి సంవత్సరం పెద్ద ఓడ పోయిన దారిలో ఈ సంవత్సరం పడవ కూడా ఆనుకుపోవచ్చు. పోటు వేళ సముద్రం నుంచి గోడలాగా అల ఎదురు వస్తుంది. సర్వే చేసేవాడు నదిలో అటూ ఇటూ తిరుగుతూ అడుగడుగునా లోతు కొలిచి, పటం గీసి, ఆ పటం ఎండక ముందే అది పాతబడిపోయిందని తెలిసి మళ్లీ కొలవడానికి బయలుదేరాలి. నిన్న తెలిసినదాన్ని ఇవాళ నమ్మకూడదనే క్రమశిక్షణను ఇంతకన్నా బాగా నేర్పే బడి మరొకటి ఉంటుందని నేను అనుకోను. ఎవరికీ కనబడని పని అది. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు, ఓడ క్షేమంగా పోతుంది, అంతే. ఆయన తర్వాతి పనిలో కూడా ఇదే స్వభావం నాకు కనబడుతుంది.

యుద్ధం వచ్చాక తలుపు తెరుచుకుంది, అది కూడా అవసరం కొద్దీ. 1939లో ఎనిమిది యుద్ధనౌకలున్న రాయల్ ఇండియన్ నేవీ యుద్ధం ముగిసేసరికి ముప్పై వేల మంది దళమైంది. ఆ ముప్పై వేల మందికి అధికారులు కావలసి వచ్చినప్పుడు, కటారి లాంటి వర్తక నౌకల మనుషులను రిజర్వు అధికారులుగా తీసుకున్నారు. అంటే 1947 నాటికి మన నౌకాదళంలోని భారతీయ అధికారులలో ఎక్కువమందికి పదేళ్ల యుద్ధనౌకానుభవం కూడా లేదు. అప్పట్లో వాళ్లలో ఒకరిని అడ్మిరల్ చేయడమంటే, ఒక్క క్రూయిజరును గానీ, ఒక్క డిస్ట్రాయర్ల దండును గానీ నడిపి ఎరగని మనిషి చేతిలో మొత్తం నౌకాదళాన్ని పెట్టడమే. ఆ తర్వాతి పదకొండేళ్లలో వాళ్లు ఆ మెట్లన్నీ ఎక్కారు. 1956లో కటారి సముద్రం మీది మన యుద్ధనౌకల సముదాయాన్ని (ఫ్లీట్) నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. రెండేళ్లలో దళాధిపతి అయ్యాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. ఈనాటి అధిపతులు ఆ పదవికి వచ్చేసరికి యాభై తొమ్మిదో అరవయ్యో నిండుతాయి.

ఈ వాదనకు ఎదురుగా నిలబడే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. పాకిస్తాన్ అదే రాయల్ ఇండియన్ నేవీలో తన వాటా తీసుకుని, 1953లోనే హెచ్.ఎం.ఎస్. చౌదరి అనే స్వదేశీ అధికారిని నౌకాదళాధిపతిగా చేసుకుంది. మనకన్నా ఐదేళ్ల ముందు. మనమూ అలా చేయగలిగేవాళ్లం కదా అని ఎవరైనా అంటే పూర్తిగా కొట్టిపారేయలేను. అయితే చౌదరి యుద్ధానికి ముందే రెగ్యులర్ కమిషన్ పొందినవాడు. ఆయన అక్కడ యుద్ధనౌకల మీద గడిపిన ఏళ్లను కటారి ఇక్కడ హుగ్లీ మీద గడిపాడు. పైగా చౌదరి నడపవలసిన దళం చిన్నది. ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. బ్రిటిష్ అడ్మిరల్స్ ఉన్నంతకాలం మన నౌకాదళం ఎలా ఎదగాలన్న ఊహ కూడా బ్రిటిష్ ఊహే అయింది. వాళ్లు వదిలించుకోవాలనుకున్న పాత ఓడలే మనం చాలావరకు కొన్నాం, వాళ్ల పద్ధతులే నేర్చుకున్నాం, మన సముద్రానికి మనకేం కావాలో మనంతట మనం ఆలోచించుకోవడం ఆలస్యంగా మొదలైంది. ఆ మూల్యం నిజమైనదేనని ఒప్పుకుంటాను. అయినా 1947లోనో 1950లోనో తొందరపడి ఉంటే చెల్లించవలసి వచ్చే మూల్యం సముద్రం మీద ఓడలతో, నావికుల ప్రాణాలతో చెల్లించేది. పెట్టీ ఆఫీసరు కొడుకుగా ఆ రెండో మూల్యం నాకు ముందు కనబడుతుంది.

కటారి అధిపతిగా ఉన్న నాలుగేళ్లను చూడండి. 1960లో బొంబాయిలోని మజగావ్ డాక్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యుద్ధనౌకలు ఇక్కడే కట్టాలన్న సంకల్పానికి అది పునాది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో ‘విక్రాంత్’ మన దళంలో చేరింది. 1945లో జలప్రవేశం చేసి సగంలో ఆగిపోయిన బ్రిటిష్ విమానవాహక నౌకను 1957లో కొని, కొత్త యంత్రాలతో పూర్తి చేయించిన ఓడ అది. ఆ ఏడాది డిసెంబరులో గోవా విమోచన జరిగింది. బెత్వా, బియాస్ నౌకలు మార్ముగోవా రేవులో పోర్చుగీసు నౌక అఫోన్సో డి అల్బుకెర్క్‌ను దెబ్బతీయగా, అంజదీవ్ దీవి మీద దిగిన మన నావికుల్లో ఏడుగురు చనిపోయారు. స్వతంత్ర భారత నౌకాదళం నావికులను యుద్ధంలో పోగొట్టుకున్నది అక్కడే మొదటిసారి. చిన్న యుద్ధమని పెద్దలు అంటారు. ఆ ఏడు ఇళ్లకు అది చిన్నది కాదు. తన ఆజ్ఞ మీద మనుషులు చనిపోయారన్న భారాన్ని మోసిన మొదటి భారతీయ నౌకాదళాధిపతి కూడా కటారియే.

1962 జూన్‌లో ఆయన రిటైరయ్యాడు. అసలు ఫలితాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి. 1971 డిసెంబరులో వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విశాఖ నుంచి తూర్పు నౌకాదళ కమాండును నడిపినప్పుడు, విక్రాంత్ మీద నుంచి లేచిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులను దెబ్బతీసి తూర్పు పాకిస్తాన్‌కు సముద్రపు దారి మూసేశాయి. 1972లో మజగావ్ డాక్‌లో కట్టిన ‘నీలగిరి’ దళంలో చేరింది. 1961 మేలో విక్రాంత్ డెక్కు మీద మొట్టమొదటి జెట్ విమానాన్ని దించిన తహిలియాని అనే లెఫ్టినెంటు 1984లో నౌకాదళాధిపతి అయ్యాడు. లెఫ్టినెంటు అడ్మిరల్ కావడానికి ఇరవై మూడేళ్లు, ఓడ తన యుద్ధాన్ని చూడటానికి పదేళ్లు, డాక్‌యార్డు మొదటి పెద్ద యుద్ధనౌకను ఇవ్వడానికి పన్నెండేళ్లు. వీటిలో ఏదీ కటారి పేరు మీద లేదు. 1971 విజయ సభల్లో ఆయన పేరు తలచుకున్నవాళ్లు నాకు కనబడలేదు. విత్తనం ఒకరి కాలంలో పడి పంట మరొకరి కాలంలో రావడం నౌకాదళంలో మినహాయింపు కాదు, అదే నియమం. అందువల్ల ఒక అడ్మిరల్ గొప్పతనాన్ని ఆయన పదవిలో ఉన్నప్పుడు ఏం జరిగిందన్న దాన్ని బట్టి కొలిస్తే తప్పు మనిషికి దండ వేస్తాం.

ఈనాటి ఏర్పాటు మీద నా అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. నౌకాదళాధిపతి పదవీకాలం మూడేళ్లు, లేదా అరవై రెండేళ్ల వయసు, ఏది ముందైతే అది. ఆచరణలో ఇది చాలాసార్లు రెండున్నరేళ్లకు కుదించుకుపోతోంది. అడ్మిరల్ కరంబీర్ సింగ్ 2019 మే నుంచి 2021 నవంబరు వరకు, అడ్మిరల్ హరికుమార్ అక్కడి నుంచి 2024 ఏప్రిల్ వరకు ఉన్నారు. కొచ్చిలో కట్టిన కొత్త విక్రాంత్‌కు 2009 ఫిబ్రవరిలో అడుగు దూలం (కీల్) వేస్తే 2022 సెప్టెంబరులో దళంలో చేరింది. ఆ ఒక్క ఓడ పెరిగిన కాలంలో ఏడుగురు అధిపతులు మారారు. తన హయాంలో మొదలుపెట్టినదాన్ని తన కళ్లతో చూడలేనని ముందే తెలిసిన మనిషి కూడా నిజాయితీగా పని చేస్తాడు, చేశారు కూడా. అయినా ఒక ఆలోచన వేళ్లూనుకునేదాకా దానికి కావలి కాయడానికి రెండున్నరేళ్లు చాలవు. కటారికి నాలుగేళ్లు దొరికాయి. వయసుతో నిమిత్తం లేకుండా అధిపతికి నాలుగేళ్లు నికరంగా ఇవ్వాలని నా అభిప్రాయం. కింద ఉన్న సమర్థులకు అవకాశం పోతుందన్నది దీనికి వచ్చే జవాబు. నిజమే, కొందరికి పోతుంది. ఆ పదవి ఉన్నది వాళ్లకు ప్రతిఫలంగా ఇవ్వడానికి కాదు కనుక, ఆ నష్టాన్ని భరించక తప్పదంటాను.

పదవి విలువ ఎంతసేపు పట్టుకున్నామన్న దానిలోనే లేదన్న మాట కూడా నిజం. సింధురత్న జలాంతర్గామిలో మంటలు లేచి ఇద్దరు అధికారులు మరణించిన రోజునే, 2014 ఫిబ్రవరి 26న, అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. దాదాపు నలభై ఏళ్ల సర్వీసును ఒక్క రోజులో వదులుకున్నారు. ఆ రాత్రి టీవీ ముందు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కెప్టెన్‌గా నేర్చుకున్నది అడ్మిరల్ అయ్యాక కూడా మరిచిపోలేదు ఈయన, అన్నారు.

కటారి రిటైరయ్యాక కొంతకాలం ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నాడు, 1964లో రాయబారిగా బర్మా వెళ్లాడు, 1983లో సికింద్రాబాద్‌లో కన్నుమూశాడు. ఆయన కుమార్తె లలిత వివాహమాడిన ఎల్. రాందాస్ 1949లో డెహ్రాడూన్‌లో మూడు దళాలకూ కలిపి పెట్టిన అకాడమీ మొదటి రోజుల్లో చేరినవాడు. 1990 నవంబరులో ఆయన నౌకాదళాధిపతి అయ్యాడు. మామగారు డఫరిన్ అనే పక్కతలుపు గుండా, హుగ్లీ చుట్టు తిరిగి చేరిన చోటికి అల్లుడు ముందు తలుపు గుండా చేరాడు. చేరడానికి నలభై ఒక్క ఏళ్లు పట్టింది, అయినా ఎవరూ దాన్ని ఆలస్యం అనలేదు. కటారి పదవిలోకి రావడానికి పట్టిన కాలం తప్పు కాదని నేననేది ఇందుకే. 1928 వరకు ఒక్క భారతీయుడికి కూడా కమిషన్ ఇవ్వకుండా తలుపు వేసి ఉంచినవారిదే ఆ పదకొండేళ్ల ఆలస్యం. 1947లో మనం అనుభవించినది ఇరవై ఏళ్ల కిందట వాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని.

ఈ లెక్క మన మీదకు కూడా తిరిగి వస్తుంది. రాందాస్ అధిపతిగా ఉన్నప్పుడు, 1992లో, వైద్య విభాగం వెలుపల మహిళలను తొలిసారి అధికారులుగా తీసుకున్నారు. కానీ చాలా ఏళ్లపాటు వాళ్లకు ఒడ్డు ఉద్యోగాలే ఇచ్చారు. యుద్ధనౌకల మీద మహిళలను క్రమంగా నియమించడం 2020 తర్వాతి మాట. శాశ్వత కమిషన్ కోసం, అంటే రిటైరయ్యే వయసు దాకా సర్వీసులో ఉండే హక్కు కోసం, సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. రాందాస్ చేరిన డెహ్రాడూన్ అకాడమీయే తర్వాత కడక్‌వాస్లాకు మారింది; అందులో అమ్మాయిలు మొదటిసారి అడుగుపెట్టింది 2022లో, ఆ బ్యాచ్‌లో పదిహేడు మంది 2025 మేలో శిక్షణ పూర్తి చేసుకుని బయటకు వచ్చారు. వాళ్లలో నౌకాదళానికి వచ్చినవాళ్లు ఇంకా బ్రిడ్జి మీద సీనియర్ల వెనక నిలబడే దశలోనే ఉంటారు. రాందాస్‌కు పట్టినన్ని ఏళ్లే వాళ్లలో ఒకరికీ పడితే అది 2063 అవుతుంది. అప్పుడు ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల, స్వాతంత్ర్యం వచ్చిన నూట పదహారేళ్లకా అని అడుగుతుంది. ఆ పిల్లకు చూపించవలసిన సంవత్సరం 1949. ఆ అకాడమీ తెరిచిన రోజున తలుపు దగ్గర ఉన్నది బ్రిటిష్‌వాళ్లు కాదు, మనమే.